అద్దె నాలుక

మా ఆవిడ నాలుక మీద నేను పదకొండు వారాలు బతికాను. పన్నెండో వారం దొరికిపోయాను. ఆ సంగతి చెప్పమని మీరు మూడుసార్లు అడిగారు కాబట్టి చెబుతున్నాను. నవ్వాలనిపిస్తే నవ్వండి. నాకు రాదు.

ఆమె పోయి నాలుగేళ్ళయింది. పోయింది కదా అని ఆమెను దేవతను చేయను. ఉన్నన్నాళ్ళూ ఆమె నన్ను మనిషిగా కూడా లెక్కవేయలేదు.

అప్పట్లో నేను ఒక గోదాములో పెట్టెలు మోసేవాణ్ణి. ఎక్కడెక్కడి దేశాల కూల్‌డ్రింకులూ ఆ గోదాముకు దిగేవి. కూల్‌డ్రింకు అంటే మీరు నల్లది, తెల్లది, నారింజది అనుకుంటారు. నేనూ అంతే. మోసేవాడికి అన్ని దేశాలూ ఒకటే బరువు. పెట్టెకు ఇరవైనాలుగు సీసాలు.

యజమాని కళ్ళద్దాలు సోడాబుడ్డి అడుగంత మందం. అందుకని ఆయన పేరే సోడాబుడ్డి. సీసాల వ్యాపారికి అంతకంటే అతికే పేరు లేదు. ఎదుట మాత్రం సార్ అనేవాళ్ళం.

సీసాల మీద ఉండే పైదేశాల అక్షరాలు కొనేవాడికి అర్థం కావు. అందుకని ప్రతి సీసా మీదా మన భాషలో ఒక చీటీ అతికించాలి. ఏ దేశానిది, లోపల ఏముంది, రుచి ఎలా ఉంటుంది. మొదటి రెండూ కాగితాల్లో వచ్చేవి. మూడోది ఎవరో ఒకరు తాగి చెప్పాలి. దానికో మనిషి, ఆ మనిషికో కుర్చీ.

ఆ కుర్చీకి వీపు ఆనించుకునే దన్ను ఉంది. పక్కన కిటికీ, ముందు బల్ల, బల్ల మీద మూడు గాజు గ్లాసులు. అందులో కూర్చునే ముసలాయన పళ్ళన్నీ ఊడి మానేశాడు. అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్ళు. నా నడుముకు డెబ్బై. చదవటం రాయటం వచ్చినవాడెవడని సోడాబుడ్డి అడిగితే నేను చెయ్యెత్తాను. ఎత్తిన చెయ్యి దించేటప్పుడు కూడా నడుం పట్టేసింది.

మా ఊరి బడిలో పంతులు మాకు రెండే నేర్పాడు. చెప్పింది చెప్పినట్టు రాయటం, రాసింది రాసినట్టు అప్పజెప్పటం. అర్థం అడిగితే బెత్తం. రుచులు ఎన్ని అంటే ఆరు అని, అవేవి అంటే తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు అని నిద్రలో లేపినా చెప్పేవాణ్ణి. ఆ ఆరు మాటలతో నేను కుర్చీ ఎక్కాను.

మొదటి వారం పదకొండు రకాలు తాగి పదకొండు చీటీలు రాశాను. సోడాబుడ్డి వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని చదివాడు. అన్నిటి మీదా ఒకటే ఉంది. తీపి, కొంచెం పులుపు.

"ఏమయ్యా, పదకొండూ ఒకటే అయితే కొనేవాడు పదకొండెందుకు కొంటాడు? ఒకటి కొంటాడు" అన్నాడు. వచ్చే శనివారానికి సరిగా రాయకపోతే మళ్ళీ పెట్టెల దగ్గరికి పొమ్మన్నాడు.

అబద్ధం ఎందుకు, నాకు నిజంగానే అన్నీ ఒకటే. మా ఆవిడ అలా కాదు. ఆమె ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బడిపిల్లల చొక్కాలు కుట్టేది. వీధి చివర ఎవరింట్లో పాలు మాడినా మిషను ఆపకుండా ఎవరింట్లోనో చెప్పేది. ఇక ఆమె నోటి సంగతి మీకు తెలుసు. మీలో ఇద్దరు ఆమె ఉండగా మా ఇంటికి రావటం మానేశారు.

ఆ నోటిని అద్దె లేకుండా వాడుకుందామనుకున్నాను. ఆమెకు మాత్రం చెప్పకూడదు. చెబితే ఆ ఘనత ఆమెది అవుతుంది. జీతం ఎటూ ఆమెదే. ఘనత అయినా నాకు మిగలాలి కదా.

సోమవారం సాయంత్రం ఒక సీసా తీసుకెళ్ళి మిషను బల్ల మీద పెట్టాను. ఆమె పెదాల మధ్య గుండుసూదులు ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది.

"ఏంటిది?"

"నీకోసమే. తాగు."

"ఏం పగలగొట్టారు?"

"ఏమీ పగలగొట్టలేదు."

"అయితే ఎవరికి మాటిచ్చారు?"

ప్రేమతో తెచ్చానన్నాను. మిషను చక్రం ఆపి నా నుదురు మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదని తేలాక తాగింది. అది అమెరికా సీసా, ఏదో చెట్టు వేళ్ళతో చేసింది. రుచెలా ఉందని అడిగాను. ఆమె నన్ను కాసేపు చూసింది. ఆ చూపు నేనప్పుడు పట్టించుకోలేదు.

"పళ్ళపొడి డబ్బాలో చక్కెర పోసి కుదిపినట్టుంది" అంది.

నేను వెంటనే స్నానాలగదిలోకి వెళ్ళి తలుపు గడియ పెట్టి ఆ మాట చీటీ మీద రాసుకున్నాను. చెప్పింది చెప్పినట్టు.

మరుసటి రోజు రష్యా సీసా, రొట్టె పులియబెట్టి చేసింది. నిన్నటి రొట్టె మీద వాన పడ్డట్టుంది అంది. ఆ తర్వాత స్విట్జర్లాండుది, పాలు విరిచిన నీళ్ళతో చేసింది. విరిగిన పాల నీళ్ళకు ఇస్త్రీ బట్టలు తొడిగారంది. ఇరాన్ నుంచి గ్యాసు పట్టించిన ఉప్పు మజ్జిగ వచ్చింది. మజ్జిగకు కోపం వచ్చిందంది. కొరియా వాళ్ళు పాలకు గ్యాసు పట్టించారు. పాలు నవ్వుతున్నాయంది. పెరూది పసుపు రంగులో ఉంది. పిల్లవాడు మింగేసిన బబుల్‌గమ్ దొరికిందంది.

అలా రోజుకు రెండు మూడు తెచ్చాను. రోజూ స్నానాలగదికి వెళ్ళాను. నా కడుపు బాగా లేదని ఇంటి పక్కవాళ్ళు కూడా అనుకున్నారు.

శనివారం చీటీలు చూసి సోడాబుడ్డి లేచి నిలబడ్డాడు. చీటీలు అచ్చు వేసేవాణ్ణి మేం జిగురు అనేవాళ్ళం. మా పంతులు దగ్గర నాతోపాటు చదవలేదు కాని, చదివినట్టే ఉండేవాడు. ఇచ్చింది ఇచ్చినట్టు అచ్చు వేసేవాడు. చదివేవాడు కాదు. ఆ చీటీలతో సీసాలు కొట్లలోకి పోయి, వారం తిరగకుండా మళ్ళీ కావాలని కబుర్లు వచ్చాయి. మజ్జిగకు కోపం ఎలా వస్తుందో చూడటానికి జనం కొన్నారు. సోడాబుడ్డి నా భుజం తట్టాడు. నాలో ఇంత సరుకుందని తెలియదన్నాడు. నాకూ తెలియదన్నాను. అది మాత్రం నిజం.

అలా తొమ్మిది వారాలు గడిచాయి. నడుం కుదుటపడింది.

పదో వారం ఇటలీ నుంచి చేదు నారింజది వచ్చింది. మా ఆవిడ గుక్క తాగి, ఇంకో గుక్క తాగి, మెల్లగా చెప్పింది. "ముందు తియ్యగా పలకరిస్తుంది. గొంతు దిగేసరికి చేదు. వెళ్ళిపోయాక కూడా గంటసేపు నోట్లోనే కూర్చుంటుంది. అచ్చం మీ అక్కలాగా."

నేను స్నానాలగదిలోకి వెళ్ళి రాశాను. చెప్పింది చెప్పినట్టు, చివరిదాకా. జిగురు అచ్చు వేశాడు. రెండువేల నాలుగువందల సీసాల మీద అచ్చం మీ అక్కలాగా అని పడింది.

అంత అమ్మకం ఆ గోదాము ఎన్నడూ చూడలేదు. ఆడవాళ్ళు చీటీ చదివి నవ్వుకుంటూ కొన్నారు. మగవాళ్ళు వాళ్ళెందుకు నవ్వుతున్నారో తెలుసుకోవటానికి కొన్నారు. ఒకావిడ డజను కొని ఊళ్ళో ఉన్న ఆడబిడ్డలకు పంపిందట.

మా అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. రెండు వీధుల అవతల ఉండేది. ప్రతి ఆదివారం పొద్దున వచ్చి, పొద్దుపోయాక వెళ్ళేది. వచ్చీ రాగానే మా ఆవిడను బంగారం అనేది, చెప్పులు విప్పేలోపే బంగారంలో మకిలి చూపించేది. ఆ ఆదివారం ఆమె కూర్చోలేదు. సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. చీటీ పైకి చదివింది. మళ్ళీ చదివింది. మా ఆవిడ తల ఎత్తకుండా కాలర్ కుడుతూ ఉంది.

"ఒరేయ్, ఇది మీ గోదాముదేనా?"

అవునన్నాను.

"రాసిందెవరు?"

సోడాబుడ్డి రాశాడన్నాను. ఆయనకూ ఒక అక్క ఉందన్నాను.

"లేదు. కనుక్కునే వచ్చాను. ముగ్గురూ అన్నదమ్ములే."

అక్కడ నా పని కుడితిలో పడ్డ ఎలుకలా అయింది. మా ఆవిడ మాట అని చెబితే, తెల్లారేసరికి ఆ కబురు గోదాముకు చేరుతుంది. మా అక్కకు తెలిసింది ఊరికి తెలియకుండా ఉండదు. కుర్చీ పోతుంది. నేను రాశానంటే అక్క పోతుంది. ఎంతో సేపు ఆలోచించలేదు. కుర్చీకి దన్ను ఉంది.

"నేనే రాశానక్కా. అన్ని సీసాలూ నేనే రాస్తున్నాను. ప్రతి మాటా నాదే" అన్నాను.

అక్క సీసా అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. మంచినీళ్ళు కూడా తాగలేదు. ఆ తర్వాత ఆరు నెలలు మా గడప తొక్కలేదు.

మిషను చప్పుడు ఆగింది. "ప్రతి మాటా మీదేనా?" అంది మా ఆవిడ.

ఏదో ఒక మాట నీది పొరపాటున చీటీలోకి దొర్లిందన్నాను. పోనీలెండి అంది. సూదిలో దారం ఎక్కించుకుంది. ఆమె అంత తేలిగ్గా పోనిచ్చింది ఏదీ లేదని పద్దెనిమిదేళ్ళ కాపురంలో నాకు తెలిసి ఉండాలి. తెలియలేదు. గండం గడిచిందనుకున్నాను.

పన్నెండో వారం సోడాబుడ్డి కొత్త ఎత్తు వేశాడు. పది కొత్త రకాలు దిగాయి. పదిమంది కొట్లవాళ్ళను శనివారం గోదాముకు పిలుస్తాడట. వాళ్ళ ముందు నేను ఒక్కొక్కటే తాగి నోటితో చెప్పాలట. చీటీలకే ఇంత గిరాకీ ఉంటే మనిషి చెబితే ఎంతుంటుందో అన్నాడు.

కొట్లవాళ్ళ ముందు స్నానాలగదికి ఎన్నిసార్లు పోగలను.

పది సీసాలకూ ఒకటి నుంచి పదిదాకా అంకెలు వేసి ఇంటికి తెచ్చాను. ఈసారి మా ఆవిడ ఏమీ అడగలేదు. సూదులు తీసి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. "వరుసగా చెబుతాను. వరుస తప్పకండి" అంది. తలుపు చాటుకు పోనవసరం లేకుండా, పళ్ళెం బోర్లించి దాని మీద కాగితం కూడా పెట్టింది.

నేను రాసుకున్నాను. శుక్రవారం దాకా బట్టీ పట్టాను. బట్టీ పట్టేవాడికి అర్థంతో పని లేదు. మాట తర్వాత మాట తగులుకుని వస్తే చాలు. మధ్యలో ఆగితే మాత్రం మొదటికి పోవాలి. మా పంతులు అలా అలవాటు చేశాడు.

శనివారం కొట్లవాళ్ళు వచ్చారు. బల్ల చుట్టూ నిలబడ్డారు. సోడాబుడ్డి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ప్రపంచమంతా తిరిగిన నాలుక అని పరిచయం చేశాడు. నాతోపాటు వాళ్ళకూ తలో చిన్న గ్లాసు పోయించాడు. నేను ఒకటో నంబరు తాగాను.

"బయట మెరుపు. లోపల గాలి" అన్నాను.

తలలాడించారు.

"మూత తీయగానే బుసకొడుతుంది. నిమిషం ఆగితే చప్పబడిపోతుంది."

బాగుందన్నారు.

"పని పడ్డప్పుడు తీపి."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎంత కుదిపినా అడుగున కూర్చున్నది లేవదు."

గంప బొమ్మ వేసిన కొట్టు నడిపే ఒకావిడ గ్లాసు వెలుతురుకు ఎత్తి చూసింది. అడుగున ఏమీ లేదు.

"వయసు పైబడింది. రంగు వేసి దాచారు."

పదిమందీ నా జుట్టు వైపు చూశారు. క్రితం బుధవారమే రంగు వేసుకున్నాను. చెవి మీద మరక ఇంకా పోలేదు. అప్పుడు మొదటిసారి నేను చెబుతున్నది నా చెవిలో పడింది. ఆగిపోయాను. ఆగటమే తప్పయింది. నోరు దానంతటది మొదటికి పోయింది.

"బయట మెరుపు. లోపల గాలి" అన్నాను ఆరో గ్లాసు పట్టుకుని. అక్కణ్ణుంచి ఇక బండి ఆగలేదు. బుస, చప్పదనం, తీపి, అడుగు, రంగు అన్నీ రెండోసారి చెప్పి ఆరోదానికి వచ్చాను.

"ఆదివారం మరీ బరువుగా ఉంటుంది. మంచం మీంచి కదలదు."

"రాత్రంతా గురక."

"వాళ్ళక్క చెబితే గానీ పొంగదు."

"పక్కవాళ్ళ తీపి తెచ్చుకుని తనదేనంటుంది."

పదోది నేను చెప్పకూడదనుకున్నాను. పెదాలు బిగించాను. కాని తొమ్మిది చెప్పిన నోరు పది చెప్పకుండా ఆగదు.

"పద్దెనిమిదేళ్ళుగా తాగుతున్నాను. అలవాటైంది. రుచి మాత్రం లేదు."

గంప కొట్టావిడ గ్లాసు కింద పెట్టింది.

"నేను తాగింది నిమ్మకాయ నీళ్ళండీ. దానికి అక్క ఎక్కడిది?" అని, నా వైపు తిరిగి అడిగింది. "మీ ఆవిడ ఎక్కడుంటుందయ్యా?"

సోడాబుడ్డి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన కళ్ళు అంత చిన్నవని మాకెవరికీ తెలియదు. మా ఆవిడకు చదువు వచ్చా అని అడిగాడు. ఐదో తరగతి అన్నాను. రాయనక్కరలేదు, చెబితే చాలు, రాయటానికి నువ్వున్నావుగా అన్నాడు. ఆమె కోసం వాన్ పంపాడు.

వాన్ పావుగంటలో తిరిగి వచ్చింది. ఆమె ఉతికిన బట్టలు కట్టుకుని, ఇంటికి తాళం వేసి, మెట్టు మీద కూర్చుని ఉందని డ్రైవరు చెప్పాడు. ఆలస్యమైందేం అని అడిగిందట.

నన్ను లెమ్మని ఎవరూ అనలేదు. ఆమె వచ్చి పక్కన నిలబడితే నేనే లేచాను. ఆమె కూర్చుని, దన్నుకు వీపు ఆనించి, కుర్చీ కొంచెం గట్టిగా ఉంది, దిండు కావాలంది. తెచ్చారు. తర్వాత ఆ పదీ వరుసగా తాగింది. మెక్సికో నుంచి వచ్చినదాన్ని చప్పరించి, చింతపండు పైచదువులు చదివి వచ్చిందంది. జమైకా అల్లందాన్ని, అల్లం ఎవరితోనో పోట్లాడి నేరుగా ఇటే వచ్చిందంది. గోళీ అడ్డంపెట్టిన జపాన్ సీసాను తాగి, ఇందులో గోళీకే ఎక్కువ రుచి ఉందంది. కొట్లవాళ్ళు జపాన్‌ది పదిమందీ రాయించుకున్నారు. గంప కొట్టావిడ తనకు రెండు పెట్టెలు ఎక్కువ కావాలంది.

ఆమె చెప్పింది చెప్పినట్టు నేను నిలబడి రాశాను. మధ్యాహ్నాలు చీటీలు రాసి, పొద్దున పూట పెట్టెలు మోయాలని సోడాబుడ్డి తేల్చాడు. ఆ పొద్దున నేను కూర్చున్న బల్ల దగ్గరికి ఆ సాయంత్రమే మొదటి పెట్టె మోసుకొచ్చాను. అక్కడ పెట్టొద్దు, ఇక్కడ పెట్టండి అంది.

ఇంటికి నడిచి వెళుతున్నప్పుడు అడిగాను, నేను రాసుకుంటున్నానని ఎప్పుడు తెలిసిందని.

"మొదటి సీసా నాడే" అంది.

ఎలా అన్నాను.

"పెళ్ళయిన కొత్తలో ఒక వారం కూరలో ఉప్పు వేయలేదు. ఎప్పుడంటారో చూద్దామని. ఏడు రోజులూ తిన్నారు. ఎనిమిదో రోజు వేశాను. అదీ తిన్నారు. అలాంటి మనిషి సీసా తెచ్చి రుచెలా ఉందని అడిగితే నాకు తెలియదా?"

నాలుగడుగులు వేశాక నాకు ఇంకో సంగతి తట్టింది. నడక ఆపాను.

"అంటే అక్క మాట అన్నప్పుడు, అది అచ్చులో పడుతుందని నీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసే అన్నావు."

"వదిన మొహం మీద ఎలా అంటానండీ, పెద్దది. పద్దెనిమిదేళ్ళు ఓర్చుకున్నాను. మీరు రాస్తారని తెలుసు. ఒక వంద సీసాల మీద పడితే చాలనుకున్నాను" అంది. కొంచెం దూరం నడిచాక మళ్ళీ అంది. "మీరే రాశానని ఒప్పుకుంటారని మాత్రం అనుకోలేదు."